రేవులో వదిలేసిన పడవని పోలీసులే తీసేయొచ్చా? పవర్ ఎవరిది, ఎవర్ని పట్టుకోవాలి?

ప్రశ్న క్లుప్తంగా ఇదండి: గోదావరి లంక ఊరు, స్నానాల రేవు పక్కనే పాత ఇనప ఇసుక పడవ ఒకటి రెండేళ్ల నుంచి సగం మునిగి పడుంది, ఎవరిదో ఎవరూ నోరు విప్పట్లేదు, చేపలు పట్టేవాళ్ల వలలు దానికి తగులుకుని చిరిగిపోతున్నాయి. స్టేషన్‌కి వెళ్తే ఇరిగేషన్ వాళ్లని అడగమన్నారు, ఇరిగేషన్ ఆఫీసుకి వెళ్తే పోలీస్ కంప్లైంట్ ఇచ్చి రమ్మన్నారు. అమెరికాలో ఉన్న బావగారేమో అక్కడ పోలీసులే లాక్కెళ్లిపోతారని చెప్పారట, మరి మన పోలీసులకి ఆ పవర్ లేదా అని అడిగారు.

నేను పోలీస్ డిపార్ట్‌మెంట్‌లో చేసి రిటైరయ్యాను, సర్వీసులో చాలా భాగం ఏటిగట్టు పక్క స్టేషన్లలోనే గడిచింది కాబట్టి ఈ పడవల గోల నాకు బాగానే తెలుసు. ముందు సమాధానం చెప్పేస్తాను, కారణాలు తర్వాత.

పడవ పాతదైపోయింది, అడ్డంగా ఉంది అన్న ఒక్క కారణంతో ఎస్సై తనంతట తను దాన్ని లాగించేసే పవర్ లేదు. సీజ్ చేసే పవర్ ఉంది, కేసు కట్టే పవర్ ఉంది. "తీసేయండి" అని ఆర్డర్ ఇచ్చే పవర్ మాత్రం ఆర్డీవోది, లేదా సబ్ కలెక్టర్‌ది. ఆ ఆర్డర్ కదలాలంటే కావాల్సిన రిపోర్టు పోలీసులు పంపొచ్చు. అంటే మీరు స్టేషన్‌కి వెళ్లడం తప్పు కాదు, అక్కడ అడగాల్సింది వేరే. "పడవ తీయించండి సార్" అంటే ఎవరైనా "మాది కాదు" అనే అంటారు. "సార్, 152 కింద ఆర్డీవో గారికి రిపోర్టు పెట్టండి" అనండి, అప్పుడు సంభాషణ వేరేగా నడుస్తుంది.

ఈ 152 ఏంటంటే భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో (బీఎన్ఎస్ఎస్) సెక్షన్. 2024 జూలై 1 నుంచి పాత క్రిమినల్ ప్రొసీజర్ చట్టం (సీఆర్పీసీ) పోయి ఇది వచ్చింది కదా, పాత లెక్కలో ఇది 133. పాత గుమాస్తాలు, పాత ప్లీడర్లు ఇప్పటికీ 133 అనే అంటారు, కంగారు పడకండి రెండూ ఒకటే. దారి గానీ నది గానీ కాలువ గానీ, జనం వాడుకునే హక్కున్న చోట అక్రమంగా అడ్డు ఏదన్నా ఉంటే దాన్ని తీసేయమని ఆర్డర్ ఇవ్వచ్చని అందులో ఉంది. నది అన్న మాట సెక్షన్‌లోనే ఉంది కాబట్టి "ఇది రోడ్ల మీద అడ్డాలకే సార్" అని ఎవరైనా అంటే నమ్మకండి. ఆర్డర్ ఇవ్వగలిగింది కలెక్టర్, ఆర్డీవో లేదా సబ్ కలెక్టర్, ఇంకా ప్రభుత్వం ప్రత్యేకంగా పవర్ ఇచ్చిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్. పోలీస్ రిపోర్టు మీద ఇవ్వచ్చు, లేదా వేరే ఏ సమాచారం మీదైనా ఇవ్వచ్చు, అంటే మీ అర్జీ మీద కూడా.

మొదట వచ్చేది షరతు మీద ఉండే ఆర్డర్. ఫలానా తేదీలోపు తీసెయ్, లేదంటే ఎందుకు తియ్యవో వచ్చి చెప్పు అని. ఓనర్ దొరక్కపోతే ఏంటి అని మీకు డౌట్ రావాలి ఇక్కడ, ఎందుకంటే మీ కేసులో అసలు సమస్యే అది. దానికీ దారి ఉంది, నోటీసు చేతికివ్వడం కుదరకపోతే ప్రకటనగా వేసి, అవతలి వాళ్లకి తెలిసే అవకాశం ఉన్న చోట్ల కాపీలు అంటిస్తారు (సెక్షన్ 153). రేవులో రావిచెట్టుకి, పంచాయతీ ఆఫీసు గోడకి అంటించారంటే సరిపోతుంది. ఎవరూ రాకపోతే ఆర్డర్ ఖాయం చేస్తారు, అప్పుడూ తియ్యకపోతే మేజిస్ట్రేటే తీయించి ఆ ఖర్చు వసూలు చేయొచ్చు (సెక్షన్ 160). ఓనర్ వచ్చి వాదిస్తే విచారణ నడుస్తుంది, కొత్త చట్టంలో దానికి 90 రోజుల గడువు పెట్టారు, కారణం రాసి 120 దాకా పొడిగించుకోవచ్చు. పాత 133లో ఈ గడువు లేదు, ఫైళ్లు అలా ముసలివైపోయేవి.

వరద టైములో ఐతే 161 గుర్తుపెట్టుకోండి. విచారణ పూర్తయ్యేదాకా ఆగితే జనానికి ప్రమాదం అనుకుంటే మేజిస్ట్రేట్ వెంటనే ఆపుదల ఆర్డర్ ఇవ్వచ్చు, ఓనర్ మాట వినకపోతే ప్రమాదం తప్పించడానికి తనకి సరైందనిపించిన పని చేయించేయొచ్చు. మీ పడవ లంగరు లేకుండా ఉండి, కింద ఎక్కడైనా బ్రిడ్జో బ్యారేజో ఉంటే అర్జీలో ఆ సంగతే మొదటి లైన్లో రాయండి, వలలు చిరగడం రెండో పేరాలో రాయండి.

ఇప్పుడు పోలీసులకి సొంతంగా ఉన్న పవర్ల సంగతి. మొదటిది సీజ్, బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 106 (పాత సీఆర్పీసీ 102). దొంగ సొత్తు అనిపించినా, ఏదో నేరం జరిగిందేమో అన్న అనుమానం పుట్టేలా దొరికినా పట్టుకోవచ్చు. పట్టుకున్నాక మేజిస్ట్రేట్‌కి రిపోర్టు చెయ్యాలి, కోర్టుకి మోసుకెళ్లలేనిదైతే ఎవరికైనా బాండ్ రాయించుకుని అప్పగించొచ్చు. ఇంజిన్ నంబరు చెరిపేసి ఉందనుకోండి, లేదా మనుషుల్లేకుండా పడవ ఒక్కటే కొట్టుకొచ్చిందనుకోండి, నిస్సందేహంగా సీజ్ చెయ్యాల్సిందే. నా సర్వీసులో ఒక వరదకి నాటుపడవ ఒకటి కొట్టుకొచ్చి లంకకి తగులుకుంది, లోపల ఒక జత చెప్పులు, అన్నం క్యారేజీ ఉన్నాయి. మనిషి పోయాడేమో అని పై స్టేషన్లన్నిటికీ ఫోన్లు చేశాం, వల వేసేవాళ్లని పిలిచి వెతికించాం. తీరా చూస్తే పైన రేవులో మోకు తెగిపోయింది అంతే, ఓనర్ ఇంట్లో నిద్రపోతున్నాడు. కాయితాలు పట్టుకొచ్చి కోర్టు ద్వారా విడిపించుకున్నాడు. అది సీజ్‌కి తగిన కేసు.

మీ పడవ అలాంటిది కాదు, రెండేళ్ల నుంచి అందరి కళ్ల ముందే పడుంది. రెండో పవర్ ఉంది, భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్) 285, పాత ఐపీసీ 283. తన చేతిలో ఉన్న వస్తువుని పట్టించుకోకుండా వదిలేసి జనం తిరిగే దారికి గానీ పడవలు నడిచే దారికి గానీ అడ్డం, ప్రమాదం కలిగిస్తే నేరం. ఇదివరకు జరిమానా 200 రూపాయలు, ఇప్పుడు 5,000 దాకా. ఇది పోలీసులు వారెంటు లేకుండా కేసు కట్టగలిగిన నేరమే. మరి ఎందుకు కట్టరు అంటే ఉన్న మాట చెప్తాను, కేసు కట్టి పడవని సీజ్ చేసిన మరుక్షణం అది కేసు ప్రాపర్టీ ఐపోతుంది, దానికి కాపలా పెట్టాల్సిన బాధ్యత స్టేషన్ మీద పడుతుంది. అంత ఇనుముని ఏటి మధ్యలో ఎవడు కాస్తాడు? రాత్రికి రాత్రి ఎవడో గ్యాస్ కట్టర్ వేసి ఒక పక్క కోసుకుపోతే సమాధానం చెప్పాల్సింది ఎస్సై. క్రేనుకీ వించుకీ స్టేషన్ దగ్గర పైసా బడ్జెట్ ఉండదు. అందుకని చాలామంది ఎస్సైలు దీన్ని తాకరు, నేను దీన్ని సమర్థించట్లేదు గానీ అర్థం చేసుకోగలను.

ఓనర్ తెలియని సొత్తు స్టేషన్ చేతిలోకొస్తే ఆ తర్వాత కథ కూడా పెద్దదే. మేజిస్ట్రేట్ ప్రకటన ఇచ్చి హక్కుదారుడు 6 నెలల్లో రావాలని పిలవాలి (బీఎన్ఎస్ఎస్ 503), ఎవరూ రాకపోతే అప్పుడు ప్రభుత్వపరం (504). పాడైపోయే వస్తువైనా, విలువ 10,000 లోపైనా, అమ్మేస్తేనే ఓనర్‌కి మేలు అనిపించినా ముందే అమ్మించొచ్చు (505). తుప్పు పట్టే ఇనప పడవకి ఈ చివరి ముక్క పనికొస్తుంది, అడగండి.

ఇంకో ముఖ్యమైన డౌట్: అది నిజంగా వదిలేసిన పడవేనా? మన జిల్లాల్లో రేవుల్లో తుప్పు పట్టి కనిపించే ఇసుక పడవల్లో చాలావాటిని ఒకప్పుడు మైనింగ్ వాళ్లో రెవెన్యూ వాళ్లో అక్రమ ఇసుక కేసుల్లో పట్టుకుని అక్కడే కట్టేసి వెళ్లిపోయి ఉంటారు. చూడ్డానికి దిక్కు లేనట్టు ఉంటుంది, కాయితాల్లో మాత్రం కోర్టు సొత్తు. దాన్ని ఆర్డీవో కూడా ఊరికే తీయించలేరు, కోర్టుని అడగాలి. ఇలాంటి వాటికి 2002లో సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, సీజ్ చేసిన వాహనాల్ని స్టేషన్ల దగ్గర ఏళ్ల తరబడి పడెయ్యకండి, ఫోటోలు తీసి పంచనామా రాసి బాండ్ మీద ఇచ్చేయండి లేదా వేలం వెయ్యండి అని. కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్ 497లో దాన్ని ఇంకా గట్టిగా రాశారు, కోర్టు 14 రోజుల్లో సొత్తు వివరం తయారు చేసి, ఫోటో గానీ వీడియో గానీ తీయించి, ఆ తర్వాత 30 రోజుల్లో దాని సంగతి తేల్చాలి. అందుకని మొదటి పని, స్టేషన్‌లోనూ మైనింగ్ ఆఫీసులోనూ ఈ పడవ మీద పాత కేసు ఏమైనా ఉందా అని కనుక్కోవడం. నోటితో చెప్తే కుదరదు, ఆర్టీఐ పెట్టండి, రాతలో వస్తుంది.

ఓనర్ని కనిపెట్టడం మీరనుకున్నంత కష్టం కాదు. సముద్రంలో వేటాడే బోటైతే ముక్కు దగ్గర ఐఎన్‌డీ ఏపీ అని మొదలయ్యే నంబరు రాసి ఉంటుంది, ఫిషరీస్ వాళ్లు పేరు చెప్పేస్తారు. ఇసుక పడవలకి ఆ సుఖం లేదు, పాత పడవలకి రంగు కింద వెల్డింగ్‌తో ఏవో అక్షరాలు పెట్టి ఉంటాయి, గీకి చూడండి. ఇంజిన్ ఉంటే దాని మీద నంబరుంటుంది. వీటన్నిటికంటే సరంగుని అడగండి, ఆ రేవులో పదేళ్లు పడవ నడిపిన మనిషికి ఏ పడవ ఎక్కడ కట్టారో, ఎవరి చేతులు మారిందో తెలియకుండా ఉండదు. పోలీసు అడిగితే చెప్పడు, మీరు టీ తాగించి అడిగితే చెప్తాడు.

తీయించే పని చేతుల్తో చేసేది ఎవరు అంటే నీళ్లు ఎవరివైతే వాళ్లు. మీ కేసులో జలవనరుల శాఖ, అంటే మనందరి నోట్లో ఇరిగేషన్. డెల్టా కాలువల్లో కూడా వాళ్లే, మద్రాసు కాలం నాటి 1884 నదుల సంరక్షణ చట్టం, 1890 కాలువలు, రేవుల చట్టం వాళ్ల చేతిలోనే ఉన్నాయి, కాబట్టి మాకు సంబంధం లేదనే అవకాశం వాళ్లకి అస్సలు లేదు. హార్బర్ పరిధిలో ఐతే పోర్టు కన్జర్వేటర్ (రేవు నీళ్ల బాగోగులు చూసే పోర్టు అధికారి), 1908 పోర్టుల చట్టం నుంచీ అడ్డాలు తీసేసే పవర్ నేరుగా ఆయనకే ఉంది, ఖర్చు ఓనర్ దగ్గర రాబట్టొచ్చు, మునిగిన పడవని లేపి వేలం వేయొచ్చు. 2025లో కొత్త పోర్టుల చట్టం చేశారు గానీ పని చూసేది పోర్టు వాళ్లే, పోలీసులు కాదు. గోదావరి, కృష్ణల్లో కొంత భాగం, కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా కాలువలు కలిపి 4వ నంబరు జాతీయ జలమార్గం, మీ రేవు దాని మీద ఉంటే ఐడబ్ల్యూఏఐకి (జలమార్గాలు చూసే కేంద్ర సంస్థ) కూడా ఒక కాపీ పడెయ్యండి.

సముద్రం ఒడ్డున పోలీసులది ఎంత చిన్న పాత్రో తెలియాలంటే వైజాగ్ సంగతి చూడండి. 2020 అక్టోబర్‌లో వాయుగుండానికి బంగ్లాదేశ్ సరుకు ఓడ ఎంవీ మా తెన్నేటి పార్కు దగ్గర రాళ్ల మీదికి కొట్టుకొచ్చింది, గుర్తుందా? సిబ్బందిని క్షేమంగా దింపారు, లాగడానికి చూశారు, కుదర్లేదు. ఆ తర్వాత దాని చుట్టూ నడిచిందంతా ఓనరు, ఇన్సూరెన్సు, షిప్పింగ్ అధికారులు, టూరిజం వాళ్ల వ్యవహారం, రెస్టారెంట్ చేస్తామన్న ప్లాను కూడా విన్నాం. పోలీసులు చేసిందల్లా సెల్ఫీల కోసం రాళ్లెక్కే జనాన్ని ఆపడం.

లాగడం పోలీస్ పని కాదు, ఇంజినీరింగ్ పని అని నేను ఇంత గట్టిగా ఎందుకంటున్నానో ప్రకాశం బ్యారేజీ చూసినవాళ్లకి అర్థమవుతుంది. 2024 సెప్టెంబర్ మొదట్లో కృష్ణకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద, బ్యారేజీ కట్టాక ఎప్పుడూ రానంత. పైన కట్టేసి ఉన్న ఇసుక పడవలు తెగొచ్చి గేట్ల దగ్గర గుద్దుకున్నాయి, 67, 69, 70 గేట్ల కౌంటర్ వెయిట్లు (గేటు ఎత్తడానికి సాయపడే బరువు దిమ్మెలు) దెబ్బతిన్నాయి. పోలీసులు కేసు కట్టారు, అరెస్టులు చేశారు. దాని రాజకీయం జోలికి నేను పోను. కానీ పడవలు తియ్యడానికి ఏమైంది? పెద్ద క్రేన్లు తెచ్చారు, కదల్లేదు, వైజాగ్ నుంచి డైవర్లు వచ్చి నీళ్లలోపల కోయడానికి చూశారు, కాకినాడ నుంచి పడవలు లేపే టీం వచ్చింది, ముఖ్యమంత్రి నుంచి మంత్రి దాకా అందరి కళ్లూ అక్కడే ఉన్నా సెప్టెంబర్ మూడో వారం దాకా పట్టింది. గోదావరిలో కచ్చులూరు దగ్గర 2019 సెప్టెంబర్ 15న మునిగిన టూరిస్టు బోటుని కాకినాడ ధర్మాడి సత్యం గారి టీం అక్టోబర్ 22న బయటికి తెచ్చింది, మోకులు, లంగర్లు, అనుభవంతోనే. ఈ పని తెలిసినవాళ్లు రాష్ట్రంలో కొద్దిమందే, మీ ఎస్సై వాళ్లలో ఒకడు కాదు.

అందుకే టైము ఎంచుకోండి. జూలైలో అర్జీ పెడితే వరద తగ్గాక చూద్దాం అంటారు, అది అబద్ధం కాదు. ఏప్రిల్, మే నెలల్లో నీరు తగ్గి పడవ ఇసకలో కూర్చున్నప్పుడు ఒక పొక్లెయినూ రెండు చైన్ బ్లాకులూ చేసే పనిని వరదలో క్రేన్ కూడా చెయ్యలేదు. కాలువల్లో ఐతే వేసవిలో నీళ్లు కట్టేసిన రోజులే రోజులు, లస్కర్‌ని (కాలువ చూసుకునే ఇరిగేషన్ మనిషి) పట్టుకుంటే ఎక్కడ ఏం మునిగుందో వేలు పెట్టి చూపిస్తాడు. ఆ లెక్కన సంక్రాంతి వెళ్లగానే కాయితాలు మొదలుపెడితే ఎండాకాలానికి ఆర్డర్ చేతిలో ఉంటుంది.

2015 పుష్కరాలకి ముందు రేవులన్నీ శుభ్రం చేస్తున్నప్పుడు మా పరిధిలో ఒక పాత పంటు (మనుషుల్నీ బళ్లనీ ఏరు దాటించే పెద్ద పడవ) తగిలింది. ఓనర్ చచ్చిపోయాడు, ఇద్దరు కొడుకులు. తీసేయండయ్యా అంటే పెద్దోడు అది తమ్ముడి వాటా అన్నాడు, తమ్ముడు అది అన్నయ్య వాటా అన్నాడు. మేం రిపోర్టు పెట్టాం, ఆర్డీవో గారు 133 నోటీసు ఇద్దరి పేరా ఇచ్చారు, ఇద్దరూ రాలేదు, ఆర్డర్ ఖాయమైంది, ఇరిగేషన్ వాళ్లు లాగి గట్టున పడేశారు. పాత ఇనుము వేలం అనగానే ఇద్దరూ పొద్దున్నే వచ్చి కూర్చున్నారు, నాదంటే నాదని. లాగిన ఖర్చు బిల్లు చేతిలో పెట్టేసరికి మళ్లీ ఎవరిదీ కాదు. అందుకే చెప్తున్నా, నోటీసులో ఖర్చు వసూలు సంగతి స్పష్టంగా రాయించండి, ఒక్కోసారి ఆ ఒక్క లైనుకే ఓనర్ పుట్టుకొస్తాడు.

మీరు మాత్రం చెయ్యి పెట్టొద్దు. ఊరంతా కలిసి ట్రాక్టర్లు కట్టి లాగేద్దాం అని కుర్రాళ్లు అంటారు, ఇనుము అమ్మి గుడికి ఇద్దాం అని పెద్దలు కూడా అంటారు. ఆ రోజు దాకా కనపడని ఓనర్ మర్నాడు స్టేషన్‌లో ఉంటాడు, దొంగతనం, నష్టం అని కంప్లైంట్ ఇస్తాడు, కేసు మీ మీద నడుస్తుంది. ఫైనాన్స్ మీద ఉన్న పడవైతే ఫైనాన్స్ వాళ్లు కూడా వస్తారు. పైగా సగం మునిగిన పడవని లాగేటప్పుడు మోకు తెగితే పక్కనున్నవాళ్లకి ఏమవుతుందో నేను చూశాను, ఇక్కడ వర్ణించను.

మీ బావగారు చెప్పింది తప్పు కాదు, అక్కడ రాష్ట్రాన్ని బట్టి చట్టం ఉంటుంది. ఫ్లోరిడాలో ఐతే వదిలేసిన పడవలకే ప్రత్యేకంగా సెక్షన్ ఉంది, వన్యప్రాణి శాఖ ఆఫీసర్లు, స్థానిక పోలీసులు స్వయంగా తీయించే అధికారం రాసిచ్చారు, ముందు పడవ మీద నోటీసు అంటించి ఓనర్‌కి 21 రోజులు టైమిస్తారు. మన దగ్గర అంత సూటిగా పోలీసుకి ఇచ్చిన సెక్షన్ లేదు. 2021 ఇన్‌ల్యాండ్ వెసల్స్ చట్టంలో మునిగిన, వదిలేసిన పడవల గురించి రాశారు గానీ అది కూడా రాష్ట్రం నియమించే అధికారుల మీద నడిచేదే. నా అభిప్రాయం అడిగితే ఎస్సైకి ఇవ్వకపోవడమే మంచిది, ఇస్తే పడవలు నడుపుకుని బతికే పేదోడి పడవ ముందు పోతుంది, ఇసుక వాళ్ల పడవ చివర్న పోతుంది.

ఇంక అర్జీ ఎలా పెట్టాలంటే, ఆర్డీవో గారి పేరున రాసి సోమవారం గ్రీవెన్స్‌లో ఇవ్వండి, రశీదు నంబరు తీసుకోండి. సబ్జెక్టులోనే "బీఎన్ఎస్ఎస్ 152 కింద నదిలో అడ్డంకి తొలగింపు" అని ఉండాలి. పడవ ఫోటోలు నాలుగు వైపుల నుంచి, ఫోన్‌లో లొకేషన్ పడేలా తీసినవి, నీళ్లు ఎక్కువున్నప్పుడు ఒకటి తక్కువున్నప్పుడు ఒకటి. పంచాయతీ తీర్మానం ఉంటే చాలా బలం, మత్స్యకారుల సొసైటీ లెటర్ ఇంకా బలం ఎందుకంటే జనం వాడుకునే నది అని రుజువు చేసేది అదే. వీఆర్వో గారు వచ్చి చూసి రాసిస్తే మంచిది. కాపీలు ఇరిగేషన్ ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజినీర్) గారికి ఒకటి, స్టేషన్‌కి ఒకటి. స్టేషన్‌లో ఇచ్చేటప్పుడు జనరల్ డైరీలో ఎక్కించి నంబరు ఇమ్మని అడగండి, తీసేయమని అడగట్లేదు సార్, రిపోర్టు ఒకటి పంపండి చాలు అని చెప్పండి. ఆ మాట వినగానే ఎస్సై మొహంలో రిలీఫ్ మీకే కనపడుతుంది.

ఆర్డర్ వచ్చాక ఓనర్ ధిక్కరిస్తే బీఎన్ఎస్ 223 కింద నేరమే, కానీ అందులో ఒక మెలిక ఉంది, ఆ కేసు కోర్టు తీసుకోవాలంటే ఆర్డర్ ఇచ్చిన అధికారి గానీ ఆయన పై అధికారి గానీ రాతపూర్వకంగా కంప్లైంట్ చెయ్యాలి, మీరు ఇచ్చిన కంప్లైంట్ చాలదు. కాబట్టి ఆర్డీవో ఆఫీసు చుట్టూ ఇంకోసారి తిరగాల్సి రావచ్చు.

తెలంగాణలో చెరువులు, రిజర్వాయర్ల దగ్గర ఉన్నవాళ్లకి కూడా 152 దారి ఇదే, శాఖ పేర్లు మారతాయి అంతే. పడవ మీద ఏవైనా అక్షరాలు కనిపిస్తే ఫోటో తీసి కింద పెట్టండి, అది ఏ శాఖ నంబరో చూసి చెప్తాను.